రెండంగుళాల లూజు

ఫిబ్రవరి పద్దెనిమిది, గురువారం. ఆ ఉదయం టైలర్ మాస్టారు రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు, సగం అరటిపండు తిన్నారు. మిగిలిన సగం శనివారం సాయంత్రం దాకా ప్లేటులోనే ఉండి నల్లబడిపోయింది కాబట్టి ఆ తేదీ ఇంట్లో అందరికీ గుర్తుండిపోయింది. నలభై రెండేళ్ళు బట్టలు కుట్టిన మనిషి దేన్నైనా సగంలో వదిలేయడం అదే మొదలు.

ఆ రోజుకి ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. కోడలి మౌంటెన్ సైకిలు తుడిచి, చైనుకి నాలుగు చుక్కలు నూనె వేయడం. అంతకంటే ఏమీ లేదు.

కోడలు నీటి పరీక్షల లాబ్‌లో పనిచేస్తుంది. ఊరి చివర కొండ మీద వాళ్ళ ఆఫీసు వారి పెద్ద నీళ్ళ ట్యాంకు ఉంది. ఏడాదికోసారి ఆఫీసువాళ్ళు సైకిళ్ళ మీద ఆ కొండెక్కుతారు. ఎవరు ముందొచ్చారన్నది ఎవరూ పట్టించుకోరు. కాలు నేలకి తగలకుండా ట్యాంకు దాకా చేరినవాళ్ళ పేర్లు మాత్రం పైనున్న పంపుగది గోడ మీద బోర్డులో రాస్తారు. కిందటేడు కోడలు మూడో మలుపు దగ్గర దిగిపోయి, మిగతా దారంతా సైకిలుని నడిపించుకుంటూ వెళ్ళింది. మర్నాటి నుంచి ఆఫీసులో ఆమె పేరు "పాదయాత్ర మేడమ్". ఈ ఏడాది పేర్లు రాసుకునే కాగితం వచ్చినప్పుడు ఆమె పై అధికారి, "ఈసారి సైకిలెందుకు మేడమ్, బరువు. ఊరికే నడిచొచ్చేయండి" అన్నాడు. ఆయన తన సైకిలులో ప్రతి ముక్క ఎన్ని గ్రాములో చెబుతుంటాడు కనుక ఆఫీసులో ఆయన్ని తూకం సారు అంటారు. కోడలు కాగితం లాక్కుని సంతకం పెట్టింది. ఆ సంగతి ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పింది. అందుకే మాస్టారికి చైనుకి నూనె వేయాలనిపించింది.

సైకిలు ఆమె సెకండ్‌హ్యాండులో కొన్నది. దాని గురించి ఆమెకి తెలిసిందల్లా హ్యాండిలు ముందుంటుందనీ, సీటు వెనకుంటుందనీ. మాస్టారికి అంత కూడా అవసరం పడలేదు. మెషిను గది ముందు సైకిలుని తలకిందులుగా నిలబెట్టి, కుట్టుమెషిను నూనె డబ్బా పక్కన పెట్టుకుని, వెనక చక్రం దగ్గర కూర్చున్నారు. అక్కడ తొమ్మిది పళ్ళచక్రాలు చిన్నదాని పక్కన పెద్దది పేర్చినట్టు గుత్తిగా ఉన్నాయి. వాటి సందుల్లో మట్టి గట్టిపడి ఉంది. కత్తెర మొనతో గీకడం మొదలుపెట్టారు. అంతలో ఫోను మోగింది.

పదకొండేళ్ళ కిందట ఆయన దగ్గర ప్యాంటు కుట్టించుకున్న మనిషి. నడుము పట్టడం లేదట.

"విప్పించండి బాబూ. లోపల రెండంగుళాల గుడ్డ ఉంటుంది. మీరు ఇలా ఫోన్ చేస్తారని అప్పుడే ఉంచాను" అన్నారు మాస్టారు. ఆ తర్వాత పది నిమిషాలు లూజు గురించే మాట్లాడారు. ఆయన వృత్తిలో ఆయనకున్న ఒకే ఒక్క సిద్ధాంతం అది. బట్ట ఉతికితే దగ్గరవుతుంది, మనిషి తింటే పెరుగుతాడు, కాబట్టి దేనికైనా రెండంగుళాలు లూజుండాలి. ఆరేళ్ళ కిందట పోయిన ఆయన భార్య, "మీరు కుట్టిన చొక్కాలో ఇంకో మనిషి అద్దెకుండచ్చు" అనేది. మెషిను గది తలుపు చేయించినప్పుడు కూడా ఆయన, వానకి చెక్క ఉబ్బుతుందని కింద రెండంగుళాలు వదిలించారు. పదిహేను వానాకాలాలు వెళ్ళాయి. చెక్క ఉబ్బలేదు. పక్కింటి పిల్లి మాత్రం తలుపుతో నిమిత్తం లేకుండా వచ్చిపోతూంటుంది.

ఫోను పెట్టేసి, మంచి హుషారు మీద తిరిగొచ్చి, చక్రం ఎలా తిరుగుతుందో చూద్దామని మాస్టారు పెడలుని ఒక్క తిప్పు తిప్పారు. కత్తెర అక్కడే ఉందన్న సంగతి చప్పుడు వినపడ్డాక గుర్తొచ్చింది.

అన్నిటికంటే పెద్ద చక్రం చొక్కా కాలరులా మడతపడింది. మూడు పళ్ళు ఊడి నేలమీద పడ్డాయి. కత్తెర మొన విరిగింది. మాస్టారు ముందు కత్తెర వంక చూశారు, తర్వాత సైకిలు వంక చూశారు. ఏది ముందు చూడాలో తెలియని మనిషి కాదు. అయినా ముందు కత్తెర వంకే చూశారు.

కోడలికి ఫోన్ చేసి చెప్పేస్తే అయిపోయేది. కానీ సగం కుట్టిన బట్ట కస్టమరుకి చూపించకూడదని ఆయన నియమం. చంకలో కుట్టు విడిపోయి ఉంటే చక్కగా కుట్టేసి, ఇస్త్రీ చేసి ఇవ్వాలి గానీ, విడిపోయిందోచ్ అని కబురు పంపకూడదు. కొండెక్కే ఆదివారానికి ఇంకా మూడు రోజులున్నాయి. మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెడలో టేపు, జేబులో కొలతల పుస్తకం పెట్టుకుని బస్సెక్కారు.

మౌంటెన్ సైకిళ్ళ షాపులో చట్రాలు కప్పు నుంచి వేలాడుతున్నాయి. షాపు నడిపేది నలభై ఏళ్ళావిడ. గోళ్ళలో గ్రీజు, ముందు తోలు రంగు ఏప్రాను. ఏప్రాను జేబు మూలల్లో రెండో కుట్టు లేదని మాస్టారు గడపలోనే గమనించారు.

"పళ్ళచక్రాల గుత్తి కావాలమ్మా. వెనకది."

"క్యాసెట్టా? ఎన్ని పళ్ళు?"

"ఇరవై ఆరు. అందులో రెండు పెట్టుడువి."

"మీవి కాదండీ. పెద్ద చక్రానికి."

మాస్టారు కొలతల పుస్తకం తీశారు. "ముప్ఫై రెండు. ఊడిన మూడింటితో కలిపి."

"తొమ్మిది గేర్లదేగా? ముప్ఫై రెండుంది, ముప్ఫై ఆరుంది, నలభై ఉంది."

"నలభై ఇవ్వండి."

షాపామె చేతిలో ఉన్న డబ్బా అలాగే ఆగింది. "ముప్ఫై రెండు తీసి నలభయ్యా?"

"మేం ఎప్పుడూ పై సైజే తీసుకుంటాం. ఒక సైజు ఎదుగుదలకి, ఒక సైజు ముందుజాగ్రత్తకి. లూజైతే తర్వాత తగ్గించుకోవచ్చు. టైటయ్యాక ఏం చేస్తారు?"

ఆ "మేం" విని షాపామె ఆయన్ని మళ్ళీ చూసింది. "షాపుందా మీకు?"

"ఉండేదమ్మా. నలభై రెండేళ్ళు నడిపాను. ఇప్పుడు ఇంటి దగ్గరే, తెలిసినవాళ్ళకి మాత్రం చేసిపెడుతుంటాను."

"సైకిలు తీసుకురావాల్సింది."

"కుదరదమ్మా. పని సగంలో ఉంది. కస్టమరుకి తెలియకూడదు."

షాపామెకి అంతా అర్థమైంది, తప్పుగా. ఎవరో పాతకాలపు పెద్ద మెకానిక్కు, కస్టమర్ల గుట్టు బయటపెట్టని మనిషి. వెనక చక్రం అంత పెద్దదైతే చైను చాలదు, గేరు మారినప్పుడు చైనుని నెట్టే ఇనుప చెయ్యి చాలదు అని చెబుదామని నోటిదాకా వచ్చింది. నలభై రెండేళ్ళ పనివాడికి తను పాఠం చెప్పడమేమిటని మింగేసింది. "మిగతావి మీరు చూసుకుంటారుగా?" అని మాత్రం అంది.

మిగతావేమిటో మాస్టారికి తెలియదు. కానీ ఒక పనివాడు ఇంకో పనివాణ్ణి "ఇదెలా చేస్తారు?" అని అడగడం మర్యాద కాదని ఆయన రెండో నియమం. "చూసుకుంటాంలేమ్మా, అదెంత పని" అన్నారు.

ఆ పని ఎంతో సాయంత్రం నాలుగింటికి తెలిసింది. పాత గుత్తి ఊడి రాలేదు. లోపలివైపు గాట్లున్న ఒక రింగు దాన్ని పట్టుకుని ఉంది. పటకారు, సుత్తి, మెషిను స్క్రూడ్రైవరు, పాత తాళంచెవి, అన్నీ అయ్యాయి. ఐదున్నరకి కోడలు వచ్చేస్తుంది. మాస్టారు చుట్టూ చూశారు. బీరువాలో రెయిన్‌కోటు గుడ్డ నాలుగు మీటర్లు మిగిలి ఉంది.

కోడలు గేటు తీసేసరికి సైకిలు బూడిదరంగు కవరులో ఉంది. జిప్పు, నీళ్ళ సీసాకి జేబు, జేబు మూలల్లో రెండో కుట్టు.

"మామయ్యా, ఇది సైకిలుకా?"

"కొత్త కవరమ్మా. ఆదివారం దాకా తీయకు. గుడ్డ కుదురుకోవాలి."

కోడలు కవరుని జిప్పు దాకా చేత్తో తడిమింది. అనుమానం వచ్చిందేమోనని మాస్టారు భయపడ్డారు. ఆమె ఆలోచన వేరే. నిన్న ఆఫీసు అయ్యాక ఆమె కొండ దగ్గరికెళ్ళి తొక్కి చూసింది, రెండో మలుపుకే దిగిపోయింది. పందెం మానుకుంటానని ఈ సాయంత్రం మామగారితో చెప్పేద్దామని దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది.

ఆమె లోపలికెళ్ళి, రాత్రి డ్యూటీకి ముందు ఒక కునుకు తీస్తున్న భర్తని లేపింది. అతను కోల్డ్ స్టోరేజీలో షిఫ్టు పనివాడు.

"ఇప్పుడెలా చెప్పను? కవరు కుట్టారు. దానికి జేబు కూడా పెట్టారు."

"చెప్పకు."

"మరి ఆదివారం?"

"కడుపునొప్పని చెప్పు."

"నువ్వు మామయ్యతో అనకు."

"అనను."

అతను మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. పావుగంట తర్వాత తండ్రి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"ఒరేయ్, సైకిలు చక్రం విరగ్గొట్టానురా. ఆదివారంలోపు బాగుచేస్తాను. పాపం అమ్మాయి ఎంత ఆశపెట్టుకుందో. దానితో అనకు."

"అనను నాన్నా."

కొడుకు లేచి, స్వెట్టరు వేసుకుని, రెండు రహస్యాలతో డ్యూటీకి వెళ్ళిపోయాడు. సున్నా కంటే తక్కువ చలిలో పనిచేసేవాడికి నోరు మూసుకోవడం అలవాటే.

శుక్రవారం పొద్దున్నే మాస్టారు మళ్ళీ షాపులో ఉన్నారు.

"రింగు తీసే పనిముట్టు ఉందామ్మా?"

"మీ దగ్గర లేదా?"

"ఎవరో పట్టుకెళ్ళి మళ్ళీ తేలేదు." ఆయన జీవితంలో ఇది చాలా కత్తెరల విషయంలో నిజం కాబట్టి, చెబుతున్నప్పుడు ముఖం తడబడలేదు.

"నా దగ్గరా ఇదే గొడవండీ. ఇవ్వాలి, తర్వాత అడుక్కోవాలి" అంటూ ఆవిడ తన సొంతదే తీసి ఇచ్చింది. అది ఎలా వాడాలో పక్కన పనివాడు వాడుతుంటే, అరుగు మీద బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగి, మాస్టారు పూర్తిగా చూశారు. బూటు తాడు కట్టడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆయన వేసుకున్నది చెప్పులు.

మధ్యాహ్నానికి కొత్త గుత్తి ఎక్కింది. పెద్ద చక్రం అన్నం పళ్ళెమంత ఉంది. మాస్టారు రెండడుగులు వెనక్కి వేసి, కొత్త కోటు చూసుకున్నట్టు చూసుకున్నారు. తర్వాత చైను దాని మీదకి ఎక్కించబోయారు. చైను సగం దారిలోనే బిగుసుకుపోయింది. పెరిగిన పిల్లాడికి పాత చొక్కా తొడిగినట్టు.

బస్సు కండక్టరు ఈసారి, "మళ్ళీ షాపుకేనా మాస్టారూ?" అని అడిగి కిటికీ పక్క సీటు చూపించాడు. అలాంటి రోజున కిటికీ పక్క సీటు దొరకడం కూడా గొప్పే.

"చైను పొడుగు ఎంత కావాలి?" అంది షాపామె.

"మీరెంత పొడుగుది అమ్ముతారు?"

"నూట పదహారు లింకులు. అందరికీ పొడుగ్గానే వస్తుంది. ఎవరికి కావలసినంత వాళ్ళు కత్తిరించుకోవడమే."

రెండు రోజుల్లో మొదటిసారి మాస్టారికి ఈ లోకం అర్థమైంది. చైనంటే తానులో గుడ్డ. "చూశారా, మీ పనిలోనూ లూజు ఉంది" అన్నారు సంతోషంగా.

"మీకు తెలియందేముంది. తొమ్మిదికి తొమ్మిది గేర్లదే వేయండి. పది గేర్లది సన్నం. మనుషుల్లో ఉన్నట్టే వీటికీ వరసలుంటాయి, వరస కలవకపోతే ఒకే ఇంట్లో ఇమడవు."

మాస్టారు ఇంటికొచ్చి కొలతల పుస్తకంలో ఒక కొత్త పేజీ తీసి ఆ వరసలు రాసుకున్నారు. గుత్తి ఇంటికి పెద్దది. చైను దాని కూతురు. గేరు మార్చే మీట హ్యాండిలు దగ్గర ఉంటుంది కాబట్టి, దూరంగా ఉండి ఆజ్ఞలు జారీచేసే మేనత్త. చైనుని ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదకి నెట్టే చెయ్యి లాంటి ఇనుప ముక్క ఆ మేనత్త మాట వినే అల్లుడు. ఈ అల్లుడితోనే ఆ సాయంత్రం గొడవొచ్చింది. చైను సరిగ్గా సరిపోయింది గానీ, పెద్ద చక్రం మీదకి వెళ్ళినప్పుడల్లా ఆ చెయ్యి వెళ్ళి దాని పళ్ళకి రాసుకుంటోంది. ఇసుకలో గిన్నె తోమినట్టు చప్పుడు. గోడకవతల కోడలు కూరగాయలు తరుగుతూ, "మామయ్యా, మెషినుకి నూనె వేయలేదా?" అని అడిగింది.

"వేస్తున్నానమ్మా" అన్నారు మాస్టారు. అది అబద్ధం కాదు. సైకిలులో నూనె పడని చోటంటూ అప్పటికి లేదు.

శనివారం షాపు తలుపు తీస్తున్నప్పుడే ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. షాపామె ఆయన్ని చూసి, ఏమీ అడగకుండా లోపలికెళ్ళి కాగితంలో చుట్టిన వస్తువు తెచ్చింది.

"పొడుగు చెయ్యి. మీ మీటకి వరస కలిసేదే. నలభై పళ్ళకి పొట్టిది చాలదని మీకు గురువారమే తెలుసుగా. ఒక్కోటీ తీసుకెళ్తుంటే మీ కస్టమరు విడతలుగా చేయిస్తున్నాడనుకున్నా."

గురువారమే ఎందుకు చెప్పలేదమ్మా, అని మాస్టారు మనసులో అన్నారు. "అవును, విడతలే" అన్నారు పైకి. రాసుకుందామని కొలతల పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు.

షాపామె చూపు పుస్తకం మీద పడింది. అచ్చువేసిన గళ్ళు ఉన్నాయి: మెడ, భుజం, ఛాతీ, నడుము, చేతి పొడుగు. నడుము కింద 40 అని ఉంది. చేతి పొడుగు దగ్గర ఒక ప్రశ్నార్థకం. ఆవిడ ఆ గళ్ళ వంక చూసింది, ఆయన మెడలోని టేపు వంక చూసింది, మూడు రోజుల్లో కొంచెం లోపలికి పోయిన ఆయన కళ్ళ వంక చూసింది.

ఆవిడ కుర్చీ లాగి, గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, సొరుగులోంచి ఒక కాగితం తీసింది. ఆ చెయ్యి ఎలా బిగించాలో, ఏ మర ఎంత తిప్పాలో వరుసగా బొమ్మలున్నాయి.

"ఇది కొత్తవాళ్ళ కోసం వేయించానండీ. మీకెందుకూ పనికిరాదు. వెనక ఖాళీగా ఉంది, లెక్కలు రాసుకోడానికి పనికొస్తుందని."

మాస్టారు కాగితం తీసుకుని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టారు. "ఆ ఏప్రాను ఇటివ్వండమ్మా, ఒక్క నిమిషం" అన్నారు. జేబులో ఎప్పుడూ ఉండే సూది దారం తీసి, జేబు మూలల్లో రెండో కుట్టు వేసి ఇచ్చారు. ఆయన మెట్లు దిగుతుంటే ఆవిడ, "రేపు కొండ దగ్గర రిపేరు టెంటు నాదే, మాస్టారూ" అంది.

సాయంత్రం ఆరింటికి, బొమ్మల కాగితం ఎదురుగా పెట్టుకుని, మాస్టారు చివరి మరని పావు చుట్టు తిప్పారు. మీట నొక్కారు. చైను ఒక్కో చక్రం ఎక్కుతూ తొమ్మిదోదాని మీదికెళ్ళి, చప్పుడు చేయకుండా కూర్చుంది. ఆయన లేచి, చేతులు కడుక్కుని, నల్లబడ్డ అరటిపండు ముక్క పారేసి, ప్లేటు కడిగారు.

ఆదివారం ఉదయం కొడుకు ఇద్దర్నీ, కవరులో ఉన్న సైకిలునీ కారులో కొండ కిందకి తీసుకొచ్చాడు. కోడలు ఒక చెయ్యి కడుపు మీద వేసుకుని, ఎప్పుడు మొదలుపెట్టాలా అని చూస్తోంది. మాస్టారు ఎప్పుడు చెప్పేయాలా అని చూస్తున్నారు. కొడుకు రోడ్డు చూస్తున్నాడు.

మాస్టారు కవరు జిప్పు తీశారు. అప్పుడే తూకం సారు అటుగా వచ్చాడు.

"నాది మొత్తం తొమ్మిది కిలోల నాలుగు వందల గ్రాములు. మొన్న వెనక చిన్న చక్రాలు వేయించా, అక్కడే నూట అరవై గ్రాములు తగ్గింది" అంటూ వంగి చూశాడు. "ఇదేంటి మేడమ్, వెనక భోజనం పళ్ళెం కట్టుకొచ్చారు? పైన ప్లేట్లు మేమే ఇస్తాం కదా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కోడలు మొదటిసారి ఆ చక్రాన్ని పరీక్షగా చూసింది.

"మామయ్యా, ఇది ఇంత పెద్దదా ఇదివరకు?"

"అదేనమ్మా చెబుదామని. గురువారం ఏం జరిగిందంటే, నేను కత్తెర..."

"ఈ బండి కట్టింది మాస్టారే." పక్క టెంటులోంచి షాపామె గొంతు. ఏప్రాను జేబులో చేతులు పెట్టుకుని వచ్చి నిలబడింది. "మూడు రోజులు తిరిగారు. నేను ముప్ఫై రెండు చూపిస్తే వద్దని, నలభయ్యే కావాలన్నారు. చైను మార్చారు, చెయ్యి మార్చారు. అన్నీ సొంత చేతులతో."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు.

"అది కాదమ్మా, అసలు..." అన్నారు మాస్టారు.

"పెద్ద పనివాళ్ళు ఇలాగే అంటారు" అని షాపామె టెంటులోకి వెళ్ళిపోయింది.

కోడలు మామగారి చేతులు చూసింది. గోళ్ళలో గ్రీజు ఇంకా పోలేదు. కడుపు మీంచి చెయ్యి తీసేసి, హెల్మెట్ పట్టీ బిగించుకుంది. విజిల్ వినపడింది.

కొడుకు తండ్రిని మూడో మలుపు దగ్గర దింపాడు. అక్కడ దారి ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. కుర్రవాళ్ళు పదిమంది ముందుగా వెళ్ళిపోయారు. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి, మలుపులో ఆగి, దిగి, సైకిలు నెట్టుకుంటూ నడవడం మొదలుపెట్టారు. తూకం సారు సీటు మీంచి లేచి, పళ్ళు బిగించి, హ్యాండిలుని అటూ ఇటూ ఊపుతూ వచ్చాడు. ఒక పెడలు, ఇంకో పెడలు. మూడోది తిరగలేదు. నూట అరవై గ్రాముల తక్కువతో సహా సైకిలు పక్కకి ఒరిగింది. ఆయన కాలు నేల మీద పడింది.

ఆ వెనకే కోడలు కనపడింది. కాళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి, సైకిలు మాత్రం నత్తనడక నడుస్తోంది. ఒక సీతాకోకచిలుక ఆమెని దాటి వెళ్ళింది. అది చూసి మాస్టారికి తాను చేసిందేమిటో అప్పుడు అర్థమైంది. మందపు గుడ్డ కుట్టేటప్పుడు చిన్న కుట్టు పెడతారు. సూది వేగంగా ఆడుతుంది, గుడ్డ మెల్లగా జరుగుతుంది, కానీ మెషిను ఆగదు. నలభై పళ్ళు చేసింది అదే. పెద్ద అంగలు వేసినవాళ్ళంతా కొండ దగ్గర ఆగిపోయారు. చిన్న కుట్టు ఎక్కేస్తోంది.

తూకం సారు నడక, ఆమె సైకిలు, రెండూ ఒకటే వేగం. దాంతో మలుపు పొడుగునా ఇద్దరూ పక్కపక్కనే వెళ్ళాల్సి వచ్చింది.

"బరువేం లేదుగా సార్?"

"మేడమ్, మాట్లాడకండి. ఊపిరి..."

"నాకుందండీ."

మాస్టారు చప్పట్లు కొట్టలేదు. మెడలోని టేపు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. ఆమె ఆయన్ని దాటేటప్పుడు పక్కకి చూడలేదు. "మామయ్యా, దిగను" అని మాత్రం అంది.

దిగలేదు. నలభై మందిలో ఇరవై ఒకటోదిగా ట్యాంకు గోడ చేరింది. అప్పటికీ కాలు కింద పెట్టకుండా, గోడ పట్టుకుని, "పేరు రాయండి. రాశాకే దిగుతాను" అంది. పంపుగది పనివాడు నిచ్చెన తెచ్చి, రంగు డబ్బా తెరిచి, ఒక్కో అక్షరం రాసేదాకా అలాగే ఉంది. నాలుగేళ్ళుగా ఆ బోర్డు మీదున్న తూకం సారు పేరు ఈసారి లేదు. వెనక నడిచొస్తున్న గుంపులోంచి ఎవరో, "సార్, పాదయాత్ర ఎలా ఉంది?" అని అడిగారు. ఎవరో తెలుసుకోవడానికి ఆయన వెనక్కి తిరగలేదు, అంత ఓపిక లేక.

సాయంత్రం భోజనాల బల్ల మీద మాస్టారు మడతపడ్డ చక్రం, ఊడిన మూడు పళ్ళు, మొన విరిగిన కత్తెర వరసగా పెట్టారు. జరిగింది జరిగినట్టు చెప్పారు. ఫోను, ప్యాంటు, బూటు తాడు కూడా వదల్లేదు. కోడలు ఒక్కొక్క పన్ను చేతిలోకి తీసుకుని చూసింది.

"అంటే కొండ కోసం కాదా మామయ్యా?"

"కొండ సంగతి నాకేం తెలుసమ్మా. లూజుంటే మంచిదని."

కోడలు నవ్వడం మొదలుపెట్టి చాలాసేపటికి ఆపింది. "నేనివాళ కడుపునొప్పని చెప్పి ఎగ్గొడదామనుకున్నాను. మీ కవరు చూసి చెప్పలేకపోయాను."

ఇద్దరూ ఒకేసారి కొడుకు వైపు తిరిగారు.

"నీకు తెలుసా?" అంది కోడలు.

"రెండూ తెలుసు."

"చెప్పలేదేంరా?" అన్నారు మాస్టారు.

"ఇద్దరూ చెప్పొద్దన్నారు." అతను రొట్టె తుంచుకుని తీరిగ్గా నమిలాడు. "చెప్పుంటే నువ్వు ముప్ఫై రెండు వేయించేవాడివి, ఇది ఇంట్లో కూర్చునేది. నేను మాట్లాడకపోబట్టే బోర్డు మీద పేరు పడింది."

అంతలో మాస్టారి ఫోను మోగింది. తూకం సారు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"మాస్టారు గారూ, నా బండికి కూడా కొంచెం... వెనకవైపు... లూజుగా వేయగలరా?"

"తీసుకురండి. కొలతలు తీసుకుంటాను. బండి ఇక్కడే వదిలేసి వెళ్ళాలి, పని సగంలో ఉండగా చూపించను."

"బరువు ఎంత పెరుగుతుందండీ?"

"ఉతికాక చూద్దాం" అన్నారు మాస్టారు. తర్వాత షాపామెకి ఫోన్ చేశారు. తన రెండో నియమాన్ని పక్కనపెట్టి, "ఇదెలా చేయాలో రేపొచ్చి మీ దగ్గర నేర్చుకుంటానమ్మా" అన్నారు. ఆవిడ తొమ్మిదింటికి రమ్మంది, సూది దారం కూడా తెచ్చుకోమంది.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి మాస్టారు సైకిలుని మెషిను గదిలో పెట్టి, కవరు కప్పి, జిప్పు లాగారు. మడతపడ్డ చక్రాన్ని గోడకున్న మేకుకి, తన భార్య ఫోటో పక్కనే తగిలించారు. చొక్కాల్లో ఇంకో మనిషి అద్దెకుండచ్చన్న ఆ లూజే ఇవాళ కొండెక్కించిందని ఆవిడకి ఒకసారి చెప్పాలనిపించింది గానీ, పక్క గదిలో కొడుకూ కోడలూ నిద్రపోతున్నారు. దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు మూసి, గడియ పెట్టారు.

పిల్లి తలుపు కింద నుంచి లోపలికి వెళ్ళింది.